నీటిమర ఇంట్లో విభూతి

మావారికి ఇళ్ల పిచ్చి. ఆదివారం పేపరు రాగానే నేను కూపన్లు కత్తిరించుకుంటుంటే, ఆయన ఇళ్ల అమ్మకాల పేజీ పట్టుకుని సోఫాలో కూలబడేవారు. కొనేది లేదు, పెట్టేది లేదు, ఊరికే చదవడం. అప్పుడు మేము దేశం కాని దేశంలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఎనభైల మొదట్లో మాట. ఇప్పుడు చూసేవాళ్లు నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఆ ఊళ్లో విమానాల మోతా, ఊరి చివర ఆవుల వాసనా తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. మినప్పప్పు కావాలన్నా బోలెడు దూరం డ్రైవ్ చేసుకుని పోవాల్సిందే.

ఒక ఆదివారం ఆయన పేపర్లోంచి తలెత్తి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారంటే ఏదో నా నెత్తిమీదికి రాబోతోందని అర్థం.

"పాతకాలం నాటి నీటిమరట. ఏటి ఒడ్డున ఉందిట. చక్రం, తిరగలి రాళ్లు అన్నీ అలాగే ఉన్నాయిట. పైన మనుషులు ఉండటానికి ఇల్లు. పొద్దున్న లేవగానే నీళ్ల చప్పుడు, ఊహించుకో!"

"మన బాత్రూమ్ కుళాయి రాత్రీ పగలూ కారుతూనే ఉంది. అది వినండి," అన్నాను.

నాకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండు పోయాయి. ఒకటి మూడో నెలలోనే. రెండోది నెలలన్నీ నిండాక, ఆసుపత్రిలో, ఏడుపు వినపడకుండానే. అప్పుడూ డాక్టరు "ఎవ్రీథింగ్ లుక్స్ ఫైన్" అన్నాడు, ఈసారీ అదే అంటున్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నాకు ఇల్లూ వద్దు, ఏరూ వద్దు. ఈ బిడ్డ కేర్‌మంటే చాలు. కడుపులో కాసేపు కదలిక లేకపోతే పంచదార నీళ్లు తాగి, ఎడం పక్కకి తిరిగి పడుకుని, మళ్లీ కదిలేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని.

మరి ఆ ఇల్లు చూడటానికి ఎందుకు వెళ్లావంటారేమో. ఆ గదుల్లో ఒక్కదాన్నీ కూర్చుని పొట్ట మీద చెయ్యేసుకుని కనిపెట్టుకుని ఉండటం కంటే, ఆయన నస వింటూ కార్లో కూర్చోవడమే నయమనిపించింది. పైగా ఆ రోజు పొద్దుటి నుంచీ బిడ్డ కదల్లేదు. ఆయనకి చెప్పలేదు. చెబితే నన్ను మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే కదా తీసుకెళ్లేది.

అక్టోబరు. పడమటి వైపు కొండలు దగ్గరపడే కొద్దీ రోడ్డు సన్నబడి, చివరికి మట్టిదారి అయింది. దారి పక్కన "అమ్మబడును" అని చేత్తో రాసిన చెక్క బోర్డు. దాని వెనక పల్లంలో ఆ ఇల్లు. అంతా రాతి కట్టడం. పక్కన నాచు పట్టిన చక్రం, ఇంటి గుమ్మం కంటే ఎత్తు. ఎండ కొండ మీద ఉంది గానీ ఇంటి దాకా దిగిరాలేదు. కార్లోంచి దిగగానే నేను శాలువా కప్పుకున్నాను.

ఇంటావిడ డెబ్బై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండుకర్రలా ఉంది. మగవాళ్ల చొక్కా తొడుక్కుని చేతులు మడిచింది. "రండి, రండి. మేము పొద్దుటి నుంచి మీకోసమే చూస్తున్నాం," అంది.

మేము అంటే ఇంకెవరో ఉన్నారనుకున్నాను. వంటింట్లో బల్ల మీద నాలుగు కప్పులు పెట్టి ఉన్నాయి. కాఫీ నాలుగింట్లోనూ పోసింది. నాలుగో కుర్చీలోకి ఎవరూ రాలేదు. మావారు గోడలు, దూలాలు చూసుకుంటూ మురిసిపోతున్నారు గానీ, నేను ఆ కప్పులోంచి వచ్చే ఆవిరినే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, తల ఒక పక్కకి వంచి వినేది. విని, తల ఊపి, మళ్లీ మొదలుపెట్టేది. 

ఆ వంటింటి నేల కిందనే కాలువ పోతోంది. నీళ్ల చప్పుడంటే గలగల అనుకునేరు. అలా లేదు. పక్కగదిలో ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు ఉంది. నేను లేచి వెళ్లి చూసి కూడా వచ్చాను. అక్కడ తలుపు వెనక ఒక కోటు వేలాడుతోంది, అంతే.

"రాళ్లు తిరిగితే చూస్తారా?" అంది ఆవిడ. మావారికి ప్రాణం లేచొచ్చింది.

మమ్మల్ని కింది గదిలోకి దింపింది. గుండ్రటి చెక్క డబ్బాలో తిరగలి రాళ్లు. మా ఇంట్లో కందులు విసిరిన తిరగలే, కాకపోతే మంచమంత. పైన గింజలు పోసే చెక్క గరాటు, పక్కన పిండి రాలే పెట్టె. బయట కాలువ తలుపు ఎత్తితే నీళ్లు చక్రం మీద పడి రాయి తిరుగుతుందిట. తలుపు ఎత్తడానికి సాయం కావాలని మావారిని బయటికి తీసుకెళ్లింది. నాతో, "నువ్వు ఇక్కడే ఉండమ్మా, ఆ మెట్లకి నాచు పట్టింది," అంది.

ఒక్కదాన్నే మిగిలాను. గోడకి ఒక అలమర. అందులో టోపీ పెట్టుకున్న మగమనిషి ఫొటో. ఫొటో ముందు చేమంతులు. ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. కొవ్వొత్తి పక్కన మూత తీసి ఉన్న చెక్క భరిణె, దాన్నిండా బూడిద. ఎంత మెత్తన! తెల్లటి తెలుపు కాదు, కాస్త బూడిద రంగు కలిసిన తెలుపు. మా ఊరి శివాలయంలో పూజారిగారి పళ్లెంలో కూడా అంత మెత్తటిది ఎప్పుడూ చూడలేదు.

అది చూసి మీరయితే ఏమనుకునేవారో చెప్పండి. ఫొటోకి పూలు, ముందు దీపం, దీపం పక్కన విభూతి. తెల్లవాళ్లకి విభూతి ఎక్కడిదనే అనుమానం కూడా నాకు రాలేదు. ఎందుకంటే ఆ ఏడాది వేసవి రాకముందే గ్రోసరీ షాపులో డబ్బులు తీసుకునే అమ్మాయి నుదుటి మీద బూడిద మరక చూసి, అదేమిటని అడిగాను. చర్చిలో పెట్టారు, ఇవాళ పండగ రోజు అంది. ఓహో, వీళ్లకీ ఉందన్నమాట అనుకుని, ఆ అమ్మాయి మీద ఎంతో అభిమానం పుట్టి ఇంటికొచ్చాను.

అంతలో ఇల్లంతా ఒక్కసారి వణికింది. పైరాయి కదిలింది. లోపల గింజలు లేవు, ఉత్త రాళ్లే. రాతి మీద రాయి గరగరమంటూ, నా పాదాల్లోంచి మోకాళ్లలోకి, మోకాళ్లలోంచి నడుములోకి ఎక్కింది ఆ మోత. నేను పొట్ట పట్టుకున్నాను. అప్పుడు బిడ్డ తన్నింది. పొద్దుటి నుంచీ రాయిలా పడి ఉన్న బిడ్డ, ఫట్‌మని ఒక్క తన్ను తన్నింది!

నాకు ఏడుపొచ్చేసింది. మా ఇంట్లో జ్వరమొచ్చినా, పీడకల వచ్చినా, గండం గడిచినా చేసే పని ఒకటే. ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే వెళ్లింది. చిటికెడు తీసి నుదుట పెట్టుకున్నాను. చీర పక్కకి జరిపి పొట్ట మీద రాసుకున్నాను. వేళ్లకి మిగిలింది నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టాను.

మోత తగ్గి, రాయి ఆగింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి నా నుదుటి వంక చూస్తోంది. తర్వాత నా వేళ్ల వంక, తర్వాత భరిణె వంక. చెయ్యి గుమ్మానికి ఆన్చుకుంది. వెనక మావారు చొక్కా తడుపుకుని నవ్వుతూ వచ్చారు.

"నువ్వు నోట్లో వేసుకున్నావా?" అంది ఆవిడ.

తప్పు చేశానేమో, వీళ్లలో ముట్టుకోకూడదేమో అనుకుని, "సారీ మేడమ్, ఇది దేవుడి బూడిదే కదా? మేమూ ఇలాగే తీసుకుంటాం," అన్నాను.

 దగ్గరికొచ్చి, నా మొహంలోకి వంగి, చాలా మెల్లగా అడిగింది. "రుచి ఎలా ఉంది?"

తర్వాత ఆవిడే చెప్పింది. ఆ ఫొటోలోది ఆవిడ భర్త. జీవితమంతా ఆ మర నడిపాడు. పోయిన చలికాలంలో చనిపోయాడు. ఊళ్లో అందరినీ పూడుస్తారు గానీ, ఈయన తనని కాల్చమని అడిగాడట. పట్నంలో దహనం చేసి ఒక రేకు డబ్బాలో పెట్టి ఇచ్చారు.

"మూత తీసి చూస్తే గరుకుగా ఉన్నాడు," అంది. "గరుకు పిండి ఈ ఇంటి గడప దాటనిచ్చేవాడు కాదు మా ఆయన. అందుకని కాలువ తలుపు ఎత్తి, ఆ గరాటులో పోశాను. మొదటిసారి సరిగ్గా రాలేదు. మళ్లీ పోశాను. అప్పుడు ఇదిగో, ఇలా వచ్చాడు."

నేను బయటికి పరిగెత్తాను. ఆరు నెలల పొట్టతో ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. ఏటి ఒడ్డున కూలబడి నోట్లో వేలు పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. నీళ్లు పుక్కిలిస్తుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ప్లీజ్," అంది. "ఉమ్మెయ్యకమ్మా."

చాలా దూరం వచ్చాక కార్లో మావారు "చూడూ, బూడిద అంటే ఏముంది? అంత వేడిలో క్రిములు కూడా బతకవు. నువ్వు తిన్నది శుద్ధ కాల్షియం. డాక్టరు తినమన్నదీ అదేగా," అని నవ్వించబోయారు. నేను కారు ఆపమన్నాను. ఆపితే దిగి నడిచిపోయే ఓపిక లేక మళ్లీ పోనివ్వమన్నాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. కట్టుకున్న చీర తడిపాను. దేవుడి దగ్గర దీపం పెట్టబోయి, పెట్టొచ్చో కూడదో తెలియక ఆగిపోయాను. మైల అంటే ఎవరి మైల? ఎన్నాళ్ల మైల? అడగడానికి ఎవరున్నారు? మా అమ్మకి ఫోన్ చేయాలంటే కాల్ బుక్ చేసి, పక్కింటి వాళ్లు పిలుచుకొచ్చేదాకా కాచుకుని, గొంతు చించుకుని అరవాలి. ఏమని అరవను? అమ్మా, నేను ఒక తెల్లాయన్ని తిన్నాను అనా?

వారం తిరక్కుండానే ఫోన్ మోగింది. ఆ ముసలావిడ. మావారు ఇల్లు చూడటానికి వెళ్తామని ముందే నంబరిచ్చి చచ్చారు.

"బాగున్నాడా ఆయన?" అంది.

"ఆఫీసుకెళ్లారు," అన్నాను.

"అతను కాదు," అంది.

ఫోన్ పెట్టేశాను.  ఆ తర్వాత ఆవిడ తరచూ చేసేది. దారి పక్కన బోర్డు తీసేశానని, ఇల్లు మాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని మావారితో చెప్పింది. నాతో మాత్రం ఇంటి మాట ఎత్తేది కాదు. సరిగ్గా తింటున్నావా, తడిలో తిరక్కు, ఆయనకి దగ్గు తొందరగా పట్టుకుంటుంది. అంతే, ఇవే మాటలు.

ఇంకో సంగతి మావారికి చాన్నాళ్లు చెప్పలేదు. నాకు పిండి తినాలనిపించేది. కడుపుతో ఉన్నవాళ్లు పచ్చి బియ్యం తింటారు, మట్టి తింటారు, నాకు తెలుసు. కానీ నేను పుట్టి బుద్ధెరిగాక గోధుమ పిండి అంటే ఇష్టపడిన మనిషిని కాను. అలాంటిది డబ్బా మూత తీసి, వాసన చూసి, చెంచాతో పొడి పిండి నోట్లో వేసుకునేదాన్ని. రెండు వేళ్ల మధ్య నలిపి మెత్తగా ఉందో లేదో చూసేదాన్ని. కాస్త గరుకు తగిలితే విసుగొచ్చేది. అలా నలుపుతున్నప్పుడు కడుపులో కదలిక వచ్చేది. ఒక సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. ఆ రోజు నుంచి కాల్షియం జోకులు వేయడం మానేశారు.

అయినా ఇంటి మీద మమకారం చావలేదు ఆయనకి. "ఒక్కసారి వెళ్లొద్దాం. చూశాక కూడా నువ్వు వద్దంటే ఇక ఆ మాట ఎత్తను," అన్నారు. నేనూ సరేనన్నాను. ఆవిడ మొహం మీదే చెప్పాలని నాకూ ఉంది. నా కడుపులో ఉన్నది నా బిడ్డ, మీ ఆయన కాదు అని.

నవంబరు చివర్లో వెళ్లాం. ఆకులన్నీ రాలిపోయి, ఆ ఇల్లు దూరం నుంచే కనబడుతోంది. మిట్టమధ్యాహ్నమే గానీ పల్లంలో వెలుతురు సరిగ్గా లేదు. తలుపు కొడితే ఎవరూ తీయలేదు. లోపల్నుంచి చప్పుడు వస్తోంది. మర చప్పుడు కాదు, అంతకంటే చిన్నది. చెక్క మీద చెక్క, కిర్రుమని ఆగి, మళ్లీ కిర్రుమని. తలుపు తోసుకుని, ఆ చప్పుడు వెంట కింది గదిలోకి దిగాం.

తిరగలి రాళ్ల పక్కన ఒక ఉయ్యాల తొట్టె. పాతది, నున్నగా నూనె రాసి ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని, కాలి బొటనవేలితో దాన్ని ఊపుతోంది. తొట్టెలో తెల్లటి దుప్పటి పరిచి ఉంది. దుప్పటి మీద ఏమీ లేదు.

"మా ఆయనే చేశాడు, పెళ్లయిన కొత్తలో," అంది మా వైపు చూడకుండానే. "మాకు పిల్లలు పుట్టలేదు. ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది."

ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. తెలుగువాళ్ల ఇంట్లో నడక నేర్చిన పిల్లకి కూడా ఈ మాట తెలుసు. ఊపితే ఏమవుతుందో ఎవరూ నోటితో చెప్పరు, చెప్పాల్సిన పని లేదు.   అప్పటికే మావారు ఒక్క అంగలో వెళ్లి, రెండు చేతులతో ఆ తొట్టెని గట్టిగా పట్టేసుకున్నారు. బూడిదంటే ఏముందన్న మనిషి! దాన్ని పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుండిపోయారు, వదిల్తే మళ్లీ ఊగుతుందేమో అన్నట్టు. 

"ఊపొద్దు," అన్నారు ఆవిడతో తెలుగులోనే. "దణ్ణం పెడతాను, ఊపొద్దు."

ఆవిడకి మాట తెలియదు గానీ మనిషి అర్థమయ్యాడు. కాలు వెనక్కి తీసుకుంది. మాకు ఇల్లు వద్దని నేను చెప్పాను. మీరు ఇక ఫోన్ చేయొద్దని కూడా చెప్పాను, ఇంగ్లీషులో నాకు వచ్చినంత గట్టిగా.  మేము మెట్లెక్కుతుంటే ఆవిడ ఎవరి మాటో వింటున్నట్టు తల ఒక పక్కకి వంచింది. దారి పొడుగునా మావారు ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకునే డ్రైవ్ చేశారు. ఇళ్ల పేజీ ఆ తర్వాత మా ఇంట్లో మళ్లీ ఎవరూ తెరవలేదు.

ఫోన్లు నిజంగానే ఆగిపోయాయి. నొప్పులు జనవరిలో, మంచు కురుస్తుండగా వచ్చాయి. నర్సులు తోయమంటున్నారు, డాక్టరు ఎవ్రీథింగ్ లుక్స్ ఫైన్ అంటున్నాడు, నేను వాణ్ణి తెలుగులో నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. తర్వాత ఒక నిశ్శబ్దం. నాకు తెలిసిన నిశ్శబ్దమే. ఆ తర్వాత కేర్‌మంది. ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది నా బిడ్డ. ఆడపిల్ల అన్నారు మావారు, ఆయనా ఏడుస్తూ.

పదకొండో రోజు పిల్లకీ నాకూ స్నానాలయ్యాయి. మావారే సాంబ్రాణి వేశారు. పిల్ల నిద్రపోయింది. నేను ఫోన్ తీసి ఆ ముసలావిడకి చేశాను. మంచి మనసుతో చేశానని చెప్పను. నన్ను అన్నాళ్లు కాల్చుకు తిన్నందుకు, నా కడుపులో తన మొగుణ్ణి వెతికినందుకు, గెలిచానని చెప్పాలనిపించింది.

"ఆడపిల్ల పుట్టింది," అన్నాను. "బాగుంది. అంతా నా పోలికే."

 ఏరు గడ్డకట్టిందేమో, అవతల ఆ నేల కింద నీళ్ల చప్పుడు లేదు.

"అయితే మరి ఆయన ఎక్కడికి వెళ్లాడు?" అంది ఆవిడ.

తిరునాళ్లలో పిల్లాడి చెయ్యి వదిలేసిన మనిషి అడిగినట్టు అడిగింది. నన్ను కూడా కాదు. ఎవరినో.  రెండో కాన్పులో, కదలని బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే, నేనూ నర్సుని ఇదే గొంతుతో అడిగాను, ఎక్కడికి తీసుకెళ్తున్నారని. ఆమె నా వైపు చూడకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయింది. ఎవరో ఒకరు, అబద్ధమైనా సరే, ఫలానా చోట ఉందని చెబితే బాగుండునని ఎన్నాళ్లు ఏడ్చానో నాకు తెలుసు.

నిద్రపోతున్న పిల్ల మీద ఒక చెయ్యి వేశాను.

"ఎక్కడికీ వెళ్లలేదు," అన్నాను. "పిల్ల దగ్గర లేడు. నా దగ్గరున్నాడు. తిన్నది నేను కదా."

ఆవిడ ఊపిరి వినబడింది.

"వెచ్చగా ఉందా ఆయనకి?"

"ఉంది," అన్నాను. "వెచ్చగానే ఉంది."